ఒక్క చీర, ఊరంత వరుస

"నాయుడూ! తుఫానంట!" అని కింద నుంచి కోటిలింగం శెట్టి అరిచాడు. మేడ మీద వంట చేసుకుంటున్న యతిరాజులు నాయుడికి మాత్రం అది "ఫానంట!" అని వినిపించింది. తప్పు ఆయన చెవులది కాదు, వంటింటి రేకులది. వాటి మీద దంచుతున్న వాన "తు"ను తుడిచేసి "ఫాను"ను మాత్రమే పైకి పంపింది.

ఫాను పెట్టించమని ఆయన ఇంటి యజమాని అయిన శెట్టిని అడగని ఏడాది లేదు. ఎండల్లో అడిగితే వానలు రానీ అనేవాడు. వానల్లో అడిగితే ఇప్పుడెందుకనేవాడు. అటువంటివాడు తనంతట తానే గొంతు చించుకుని చెబుతుంటే యతిరాజులు గరిటెతో సహా మెట్ల మీదికి పరుగెత్తాడు.

"చానా సంతోషం శెట్టిగారూ! ఎప్పుడొస్తాది?"

"సాయంత్రానికంట!"

"కప్పుకేనా?"

"కప్పులుంటే గదా! కప్పులన్నీ లేచిపోతాయంటా ఉండారు!"

"అంత జోరు మనకెందుకండీ, మెల్లంగా తిరిగేది చాలు!"

"మెల్లంగా తిరిగేదీ జోరుగా తిరిగేదీ నీ చేతిలో నా చేతిలో ఉండాదా! హార్బర్లో పుయల్ కూండు ఎత్తేసినారయ్యా సామీ!"

పుయల్ కూండు అంటే గాలివాన రాబోతున్నదని హార్బరు స్తంభానికి ఎత్తే బుట్టలాంటి గుర్తు. మద్రాసులో పుట్టినవాడికి ఆ మాట మాత్రం ఎంత వానలోనూ తప్పుగా వినపడదు. ఫాను ఆగిపోయింది, తుఫాను మొదలైంది.

"మరి కొరుక్కుపేట?" అన్నాడు యతిరాజులు, గొంతు తగ్గించి.

"కొరుక్కుపేటలో మోకాలిలోతు నీళ్లు. ఆడి జనాన్నంతా లారీల్లో ఎక్కించుకపోయి ఎగ్జిబిషన్ మైదానంలో దించినారంట. కలెక్టరు ఆర్డరు. అయినా నీకెందుకు కొరుక్కుపేట?"

యతిరాజులు పాయసం మాడిపోతోందని చెప్పి పైకి వెళ్లిపోయాడు. పాయసం ఏమీ మాడలేదు. మాడింది ఆయన మొహమే.

ఆ రోజు కనకవల్లి తిథి. కనకవల్లి ఆయన భార్య. ఒక కార్తీకమాసంలో జ్వరం వచ్చి, మందు సీసా సగమైనా కాకముందే వెళ్లిపోయింది. పిల్లలు లేరు. ఏడుకిణర్ వీధిలో ఏడేళ్లుగా ఆయన ఏడవకుండా ఉంటున్నాడంటే, ఏడిస్తే ఊరుకోమనేవాళ్లు లేకపోవడమే కారణం. పగలంతా బెల్లం మండీలో గుమాస్తా పని. అక్కడ ఈగలైనా చుట్టూ చేరి పలకరిస్తాయి. ఇంట్లో అవి కూడా లేవు.

భర్త ఉండగా పోయిన ఇల్లాలు పుణ్యస్త్రీ అని వాళ్ల ఇళ్లలో లెక్క. ఆమె తిథినాడు ఒక ముత్తైదువను, అంటే భర్త బతికున్న ఆడమనిషిని, పిలిచి, ఆకు వేసి, కడుపునిండా పెట్టి, చీర, గాజులు, పసుపు కుంకుమ ఇవ్వాలి. పొద్దు వాలేలోపల ఆ పిలిచినామె తిని లేస్తేనే పోయినామె తిన్నట్టు. అప్పటిదాకా ఇంటాయన మంచినీళ్లు తప్ప ముట్టడు. కొరుక్కుపేటలో ఉండే కనకవల్లి స్నేహితురాలు పుష్పవల్లి ఏటా వచ్చేది. తింటూ కనకవల్లి ముచ్చట్లు చెప్పేది. గారెలో ఉప్పు చాలలేదని కోప్పడేది. ఆ ఇంట్లో రెండో ఆకు పడేది ఏడాదికి ఆ ఒక్క పూటే. శాస్త్రం సంగతి దేవుడెరుగును. యతిరాజులు మాత్రం ఏడాది పొడుగునా ఎదురుచూసేది ఆ కోప్పడడం కోసం.

ఇప్పుడేం చెయ్యడం? కోటిలింగం భార్యను పిలుద్దామంటే ఆమె మొగుడి మీద అలిగి అరక్కోణంలో ఉంది. వీధిలో తక్కిన తలుపులన్నీ గాలికి భయపడి గడియలు బిగించుకున్నాయి. పుష్పవల్లి అన్నానికి రాలేనప్పుడు అన్నమే పుష్పవల్లి దగ్గరికి వెళ్లాలి. ఆయన గారెలు, పులిహోర, పాయసం క్యారియరులో సర్దాడు. ఆకుల కట్టా, చీరా గాజులూ పెట్టిన పళ్లెమూ గుడ్డలో మూట కట్టాడు. రిక్షావాళ్లు ఆ నీళ్లలోకి రామన్నారు. గొడుగు క్యారియరుకు పట్టి, తాను తడుస్తూ నడిచాడు.

ట్రాములు ఆగిపోయిన మరుసటి ఏడు అది. ఎగ్జిబిషన్ తెరవడానికి ఇంకా వారాలున్నాయి. అంగళ్లు కట్టారు కాని సరుకు రాలేదు. సరుకు రాలేదు కాని జనం వచ్చేశారు, తెరవకముందే హౌస్‌ఫుల్. ఆపద ప్రకటించగానే అధికారుల చూపు ఈ మైదానం మీదే ఎందుకు పడిందో లోపల అడుగు పెట్టినవాడికి వెంటనే తెలుస్తుంది. మెరక నేల. చుట్టూ గోడ. వరుసగా రేకుల అంగళ్లు, కొళాయిలు, దొడ్లు. వేలమందిని తోసుకోకుండా నడిపించడానికి వెదురు కంచెలు. వేడుక కోసం కట్టినదంతా వేదనకూ అక్కరకు వచ్చింది.

మోటారు సైకిలు గుండ్రంగా తిరిగే మృత్యుకూపంలో బియ్యం మూటలు వేసి వంట చేస్తున్నారు. మృత్యువు పోయి అన్నపూర్ణ వచ్చింది. జెయింటు వీలును గాలికి కదలకుండా తాళ్లతో కట్టేశారు. తిరిగే వీలు లేని ఆ వీలు కింది తొట్లలో పసిబిడ్డలు నిద్రపోతున్నారు. మనిషిని పొట్టిగా, పొడుగ్గా, పొట్టతో చూపించే నవ్వుల అద్దాల గదిలో జ్వరమొచ్చిన మగవాళ్లను పడుకోబెట్టారు. ఒక్కొక్క రోగీ అన్ని అద్దాల్లో కనిపించి డాక్టరుకే చెమటలు పట్టిస్తున్నాడు.

నడిమధ్య మైకు గుడారం. అందులో ఏకాంబరం. ఏటా ఎగ్జిబిషన్లో తప్పిపోయిన పిల్లలను పిలిచేదీ, అంగళ్ల సరుకును పొగిడేదీ అతనే. ఉప్పు గురించి చెప్పినా చక్కెర అమ్మినట్టు చెప్పే గొంతు. ఇప్పుడు ఏ లారీలో ఎవరు వచ్చారో పేర్లు చదువుతున్నాడు.

ఆ గుడారాన్ని చూడగానే యతిరాజులు కాళ్లు కొంచెం ఆగాయి. ఒక ఏడు ఎగ్జిబిషన్ రద్దీలో కనకవల్లి తప్పిపోయింది. వీధిలో ఆమె ఎప్పుడూ ఆయనకు రెండడుగులు వెనకే నడిచేది. తిరిగి చూస్తే లేదు. ఇదే గుడారం దగ్గర నిలబడి ఆయన ఆమె పేరు పిలిపించాడు. అప్పుడు, పిలిస్తే వచ్చింది.

"ఏం సామీ, ఎవురు తప్పిపోయినారు?" అన్నాడు ఏకాంబరం.

"తప్పిపోలేదు. కొరుక్కుపేట పుష్పవల్లి అని, ఆమెను పిలవాల."

"ఏం పని అని చెప్పేది?"

మా ఇంటామె తద్దినమయ్యా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు గుడారం వారన తార్పాలిన్ కింద కూర్చున్న ఒకామె మీద ఆయన చూపు పడింది. ఆమె ఎవరినీ చూడడం లేదు, పైన కట్టిన స్పీకరు గొట్టాన్ని చూస్తోంది. ఏకాంబరం చెయ్యి మైకు మీద పడ్డప్పుడల్లా ఆమె తల లేస్తోంది. పేరు చదవగానే వాలిపోతోంది.

"లూర్దుమేరి. కాశిమేడు," అన్నాడు ఏకాంబరం మైకును చేత్తో మూసి. "మొగుడు మొన్న కట్టుమరం ఏసుకొని చేపలకు పోయినాడు. తక్కినోళ్లందరూ ఒడ్డుకొచ్చినారు. ఆయనొకడే రాలే. తెల్లారినకాడి నుంచీ ఈడే కూచోనుండాది. అన్నమూ ముట్టలే."

ఆ మనిషి చెవిన చావు మాట వెయ్యడానికి యతిరాజులుకు నోరు రాలేదు.

"ఊరికే," అన్నాడు. "భోజనం పెట్టి చీర ఇయ్యాల. అంతే."

"ఊరికే చీర ఇస్తారా?"

"ఊరికే."

ఏకాంబరం ఏ మాటనూ ఉన్నది ఉన్నట్టు వదిలే రకం కాదు. గొంతు సవరించుకున్నాడు.

"శ్రీమతి పుష్పవల్లి అమ్మగారూ! శ్రీమతి పుష్పవల్లి అమ్మగారూ! తమరి కోసం పట్టుచీర..."

"నూలుచీరయ్యా!"

"...పట్టులాంటి నూలుచీరతో, కమ్మని భోజనంతో, ఉచితంగా, పూర్తిగా ఉచితంగా, ఒక పెద్దమనిషి మైకు దగ్గర కాచుకోనుండారు!" అని తెలుగులో ఒకసారి, తమిళంలో ఒకసారి ఊదరగొట్టాడు.

పుష్పవల్లులు పూయడం మొదలుపెట్టారు. వ్యాసర్పాడి పుష్పవల్లి వచ్చింది. పెరంబూరు పుష్పవల్లి వచ్చింది. చంకలో పసిదాన్ని చూపించి "దీని పేరే పుష్పవల్లి" అంటూ ఒక తల్లి వచ్చింది. చివరికి పూలమ్మే చెంగమ్మ వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఇంట్లో చెంగమ్మ అంటారు గానీ నా అసలు పేరు పుష్పవల్లే. పూలమ్మేదానికి పువ్వు పేరు కాకపోతే ఇంకేం పేరుంటాది?"

"కాదమ్మా. మా పుష్పవల్లికి చెవి పక్కన పుట్టుమచ్చ ఉంటాది."

"ఉండు, పెట్టుకోనొస్తా."

అసలు పుష్పవల్లి మాత్రం రాలేదు. మబ్బుల వెనక పొద్దు ఎక్కడుందో తెలియడం లేదు కాని యతిరాజులు కడుపుకు తెలుస్తూనే ఉంది. ఇంకొంతసేపు చూసి, విసిగి, "ఆమె రాకుంటే పోనీలే. ఎవురైనా ఒక ముత్తైదువ చాలు," అన్నాడు.

"అట్లా చెప్పండి సామీ!" అని ఏకాంబరం మైకు అందుకున్నాడు. "మహిళామణులారా! మొగుడుండే ప్రతి తల్లికీ..."

"ప్రతి కాదయ్యా, ఒక్కరికి!"

ఆ మాట మైకుకు అందలేదు. అందినదల్లా మైదానానికి అందింది. మొగుడుండే ప్రతి తల్లికీ చీర, సారె, భోజనం. మొగుడుండేవాళ్లు మాత్రమే రావలెను.

చీర కోసం ఊరంతా చేరింది. ఎవరూ చెప్పకుండానే వెదురు కంచెల మధ్య వరుస తయారైంది. అది మైకు గుడారం నుంచి జెయింటు వీలు దాకా, అక్కడి నుంచి మృత్యుకూపం చుట్టూ తిరిగి గేటు దాకా సాగింది. వరుస ముందుకు వచ్చే లోపలే చెంగమ్మ వెనక ఇంకో గుంపు లేచింది. చెంగమ్మ మొగుడు పోయి చాలా కాలమైంది.

"ఏందయ్యా ఈ న్యాయం?" అంది చెంగమ్మ. "మొగుడుండేదానికి మొగుడు కొనిస్తాడు. లేనిదానికి గదా గవర్మెంటు ఇయ్యాల!"

"గవర్మెంటు కాదమ్మా, ఇచ్చేది నేను."

"నువ్వా? గవర్మెంటుకే లేని పట్టింపు నీకెందుకయ్యా? మేం కట్టుకుంటే చీర కరిచిపెడతాదా?"

"అది కాదు తల్లీ, దానికొక పద్ధతి ఉండాది..."

"ఏం పద్ధతి? చెప్పు."

చెప్పడానికి నోరు తెరిచి, లూర్దుమేరి వైపు చూసి, మళ్లీ మూశాడు. "ఊరికే," అన్నాడు.

ఊరికే అన్న మాట ఊరికే పోదు. సర్కారు లోపల్లోపల ఏదో చేస్తోందని వరుస నిర్ధారించుకుంది. ఇంతలో "మొగుణ్ణి చూపించినోళ్లకే చీరంట!" అన్న మాట వరుసలో పుట్టింది. అన్నది ఎవరో ఈనాటికీ తేలలేదు. సినిమాకు టిక్కెట్టు, రేషనుకు కార్డు, చీరకు మొగుడు అన్నమాట. ఆడవాళ్లు కొంగులు బిగించి మొగుళ్ల కోసం బయలుదేరారు. పేకాట దగ్గర నుంచి కొందరిని లేవదీశారు. నిద్రలో ఉన్నవాళ్లను నిలువునా లేపారు. క్షవరం సగమైనవాణ్ణి సగం గడ్డంతోనే పట్టుకొచ్చారు. సొంత మొగుడు దగ్గర లేనివాళ్లు పక్కవాళ్లను చక్కెర అడిగినట్టు అడిగారు: "అక్కా, ఒక్క గడియ మీ ఆయన్ని ఇయ్యి, మళ్లీ తెచ్చి ఇచ్చేస్తా." వరదల్లో వరులకు ఇంత గిరాకీ వస్తుందని ఏ పంచాంగమూ చెప్పలేదు.

యతిరాజులు చీర పళ్లెం గుండెకు ఆనించుకుని నిలబడ్డాడు. ఎటు చూసినా జంటలు. చేతులు పట్టుకున్న జంటలు, చెవులు పట్టుకున్న జంటలు, అప్పు తెచ్చిన జంటలు. అంతమందిలో ఒంటిగా ఉన్నది తనూ, తార్పాలిన్ కింద లూర్దుమేరీ. తనకు ఎదురుచూడవలసిన మనిషి లేడు. ఆమెకు ఎదురుచూపు తప్ప ఏమీ లేదు. ఎవరి పరిస్థితి నయమో ఆయన తేల్చుకోలేకపోయాడు.

అప్పుడు తాసిల్దారు జీపు వచ్చింది.

"ఎవరిచ్చారు ఈ చీరల పంపకానికి ఆర్డరు?" అని దిగుతూనే ఉరిమాడు తాసిల్దారు. పైన మబ్బు ఆ మాటకు వంత పాడింది. "చీరలు ఎన్ని?"

"ఒకటండి," అన్నాడు యతిరాజులు.

"ఒక మూటా?"

"ఒక చీరండి."

తాసిల్దారు చీరను చూశాడు. వరుసను చూశాడు. మళ్లీ చీరను చూశాడు. ఆయన గొంతు గుసగుసకు దిగింది. "ఈ సంగతి వాళ్లకు తెలుసా?"

"ఇంకా లేదండి."

"తెలిస్తే తుఫాను సాయంత్రం దాకా ఆగదయ్యా! ఎందుకు ఇస్తున్నావో, ఒకటే ఎందుకు ఇస్తున్నావో మైకులో నువ్వే చెప్పు."

"చెప్పలేనండి."

"అయితే పోలీసు వ్యాను ఎక్కుతావా?"

"ఎక్కుతానండి," అన్నాడు యతిరాజులు ఎంతో మర్యాదగా. "పొద్దు వాలకముందు వదిలిపెడితే చాలు. ఈ క్యారియరు కూడా ఎక్కించుకోనియ్యండి."

దీనికి ఏమనాలో తాసిల్దారుకు రూల్సులో దొరకలేదు. అంతలో వరుస విరిగింది. ఇద్దరు ఆడవాళ్లు ఒక మగవాణ్ణి చెరో చెయ్యీ పట్టి లాక్కుంటూ గుడారం ముందుకు వచ్చి పడ్డారు. అతని తల చుట్టూ, మొహం సగం దాకా, ఎగ్జిబిషన్ బ్యానరు చింపిన గుడ్డ కట్టి ఉంది. నుదుటి మీద "ప్రవేశం ఉచితం" అని చదవవచ్చు.

"వదలవే! ఈ మొగుణ్ణి నేను ముందు పట్టినా!"

"నేను ముందు చూసినా!"

రెండో గొంతు చెంగమ్మది. మొదటి గొంతు వినగానే యతిరాజులు అటు తిరిగాడు. చెవి పక్కన పుట్టుమచ్చ. కొరుక్కుపేట పుష్పవల్లి.

"పుష్పా! ఎంతసేపట్నుంచి పిలిపిస్తా ఉండానమ్మా! ఏడ పోతివి?"

"అన్నా! నువ్వా!" అని పుష్పవల్లి నోరు తెరిచింది, పట్టిన చెయ్యి మాత్రం వదలకుండా. "శ్రీమతి అన్నారు, అమ్మగారూ అన్నారు. నన్ను ఎవురన్నా అట్లా పిలుస్తారా? ఎవురో జడ్జిగారి పెండ్లామేమో అనుకుంటి! నేను లైన్లో ఉండా."

"ఇతనెవరు? మీ వెంకటపతి ఏడ?"

"ఆయన ట్రంకుపెట్టె వదిలి రానని అటక మీద కూచోనుండాడు. ఈడ చూస్తే మొగుడు లేకుంటే చీర లేదన్నారు. అద్దాల గదిలో ఈయన మాటా పలుకూ లేకుండా పడి ఉండాడు. పాపం మెత్తని మనిషి, రమ్మంటే వచ్చినాడు."

"నేనూ ఆడనే చూసినా!" అంది చెంగమ్మ.

"నువ్వు చూసింది అద్దంలో. మనిషిని చూసింది నేను!"

తాసిల్దారు ఆ మనిషి వైపు తిరిగాడు. "ఏమయ్యా, నీ పేరేమిటి? వీళ్లిద్దరిలో నీ భార్య ఎవరు?"

అతను నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. వెనక నుంచి అద్దాల గది కాంపౌండరు రొప్పుతూ వచ్చాడు. "సార్, పేషెంటును ఎత్తుకపోయినారు సార్! ఎన్నూరు ఒడ్డున దొరికిన మనిషి. వెనక గేటు గుండా తెచ్చినాం. ఉప్పునీళ్లు తాగి గొంతు పోయింది. ఇంకా పేరు కూడా చెప్పలే."

పేరు తెలియనివాణ్ణి ఏకాంబరం పిలవలేదు. పిలవని పేరు కోసం ఒకామె పొద్దుటి నుంచి స్పీకరు కింద కూర్చుంది.

లూర్దుమేరి లేచి నిలబడింది. ఏడుకిణర్ వీధుల్లో చేపలమ్మి నేర్చుకున్న తెలుగు ఆమెది. "ఇద్దరూ చేతులు తీయండి," అంది నెమ్మదిగా. "అది నా మనిషి."

తాసిల్దారు తల పట్టుకున్నాడు. "మూడో ఆమె! అమ్మా, ఉన్నది ఒక్కటే చీర!"

"చీర ఎవురికి కావాల!"

ఆమె వచ్చి అతని తల మీది గుడ్డ లాగేసింది. మొహం చూసింది. భుజం మీద ఫెడీమని కొట్టింది. ఇంకొకటి కొట్టబోయి, ఆ చేత్తోనే అతని మెడ చుట్టుకుని పడిపోయింది. అతని గొంతులోంచి గరగరమని ఒక ముక్క ఊడి వచ్చింది: "మేరీ."

మైకు అతని పక్కనే ఉంది, ఆపి లేదు. ఆ ఒక్క మాట మైదానమంతా వినపడింది. పుష్పవల్లి, చెంగమ్మ ఒకేసారి చేతులు వదిలేశారు.

యతిరాజులు పళ్లెం కింద పెట్టి ఏకాంబరం చేతిలోంచి మైకు తీసుకున్నాడు. "ఇప్పుడు చెప్తానండి," అన్నాడు తాసిల్దారుతో.

"అమ్మల్లారా, తప్పు నాది. నా పేరు యతిరాజులు. బెల్లం మండీ గుమాస్తాను. నేను గవర్మెంటు కాదు. చీర ఒక్కటే ఉండాది. ఈరోజు మా ఇంటామె తద్దినం. ఒక ముత్తైదువకు అన్నం పెట్టి చీర ఇయ్యాల. అందుకే మొగుడుండే ఆమె అన్నా. అంతే. ఇంకేమీ లేదు. మా ఇంటామె పేరు కనకవల్లి."

కనకవల్లి, కనకవల్లి, కనకవల్లి అని నాలుగు మూలల నుంచి స్పీకర్లు తిరిగి చెప్పాయి. ఏడేళ్లుగా ఆయన ఇంట్లో అన్న ఏ మాటకూ బదులు రాలేదు. ఆయన మైకు పట్టుకుని, ఎందుకో తెలియకుండానే, కంచెల వైపు చూస్తూ కొంచెంసేపు నిలబడ్డాడు. ఎవరూ రాలేదు. మైకు ఏకాంబరానికి ఇచ్చేశాడు.

వరుసలో ఎక్కడో ఒక నవ్వు పుట్టింది. అది మృత్యుకూపం చుట్టూ తిరిగి గేటు దాకా పోయి, తిరిగి వచ్చేసరికి మెత్తబడింది. చెంగమ్మ మాత్రం నవ్వలేదు.

"ఈ మాట ముందే చెప్పి ఏడవకూడదా పెద్దమనిషీ? మేమేమన్నా రాక్షసులమా?"

"ఆమె ఈడ కూచోనుండె గదమ్మా," అన్నాడు యతిరాజులు. "ఆమె ముందర ఎట్లా చెప్పేది?"

చెంగమ్మ లూర్దుమేరి వైపు చూసింది, ఆయన వైపు చూసింది, తన బుట్టలో మిగిలిన మల్లెమూర తీసి పళ్లెంలో పెట్టింది.

"అయ్యో అన్నా, ఈ రోజు దశమి!" అని పుష్పవల్లి తల కొట్టుకుంది. "కొంపలోకి నీళ్లొచ్చినాయి, తిథి కొట్టుకుపోయింది. దా, ఆకు వెయ్యి, కూచుంటా."

"నువ్వూ కూచో తల్లీ," అన్నాడు యతిరాజులు లూర్దుమేరిని చూపించి. "నీ చేత్తో ముందు ఈ పళ్లెం ఆమెకియ్యి."

లూర్దుమేరి వెనక్కి జరిగింది. "నేను ఏసయ్య వేదంలో ఉండేదాన్ని నాయనా. మాకు ఈ పూజలు లేవు."

"పూజ లేదమ్మా, అన్నమే. ముత్తైదువ కావాల, అంతే. నీ మొగుణ్ణి ఇప్పుడే ఊరంతా చూసింది. నీకంటే గట్టి రుజువు ఎవురు చూపించినారు?"

ఆమె కుంకుమ పక్కకు జరిపి, మల్లెపూలూ గాజులూ చీరా తీసుకుంది. గుడారంలోనే ఆకులు పడ్డాయి. మొగుడి గొంతులో పాయసం ఒక్కొక్క చుక్కే పోసి, అతను మింగాక తాను గారె తుంచి నోట్లో పెట్టుకుంది. నమిలింది. మొహం చిట్లించింది.

"ఏంది నాయనా, ఇందులో ఉప్పే లేదు! ఈయన తాగొచ్చినదాంట్లో ఒక గుక్కెడు పోసి కలపకూడదా?"

"అదే నేనూ ఏడేండ్ల నుంచి మొత్తుకుంటా ఉండా!" అంది పుష్పవల్లి నోటినిండా పులిహోరతో. "కనకమ్మ ఉంటే ఈ గారెల్ని మొహాన కొట్టేది!"

"వచ్చే ఏడు నేనొచ్చి పిండి కలుపుతా," అంది లూర్దుమేరి. "ఏ వీధి మీది?"

యతిరాజులు వీధి పేరు చెప్పాడు. చెప్పి, వాళ్లు తిని లేచాక, తడిసిన ఉత్తరీయంతో మొహం తుడుచుకుని, అవతల చెంగమ్మ ఆయన కోసం వేసిన ఆకు ముందు కూర్చున్నాడు. గారెలో నిజంగానే ఉప్పు లేదు. ఆయన మూడు తిన్నాడు.

బయట గాలి పెరుగుతోంది. వరుస మాత్రం ఇంకా కదలలేదు. తాసిల్దారు సైగ చేస్తే ఏకాంబరం గొంతు సవరించుకుని, ఈసారి ఏ రంగూ పూయకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు: "చీర అయిపోయినది. భోజనం అయిపోయినది. మొగుళ్లను ఎక్కడ తీసుకున్నవాళ్లు అక్కడ తిరిగి అప్పగించవలెను."